పాత కోచ్ కట్టిన టీము, కొత్త కోచ్ ఎత్తిన కప్పు

మన ఆఫీసుల్లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. ఒక మేనేజరు ఐదారేళ్ళు కూర్చుని టీముని తయారు చేసుకుంటాడు. ఎవరు దేనికి పనికొస్తారో, ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆయనకి తెలుసు. తీరా రిలీజు దగ్గరికొచ్చేసరికి ఆయన్ని మార్చేస్తారు. కొత్తాయన వస్తాడు, ఆర్నెల్లు తిరక్కుండా రిలీజు బయటికెళ్తుంది, కేకు కోసిన ఫోటోలో కొత్తాయనే మధ్యలో ఉంటాడు. ఇందులో న్యాయమెంత, అన్యాయమెంత అని టీ తాగుతూ ఎన్నిసార్లు వాదించుకున్నా తేలదు. ఎందుకు తేలదంటే, మన ప్రాజెక్టులకి స్కోరుబోర్డు ఉండదు కాబట్టి.

స్కోరుబోర్డు ఉన్న చోట ఇదే కథ జరిగితే ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలో అరీనా ఫుట్‌బాల్ చరిత్ర చూడాలి. 1997 సీజన్ అయ్యాక ఫ్లారిడాలోని ఆర్లాండో ప్రిడేటర్స్ అనే టీముకి కోచ్ మారాడు. ఏడేళ్ళుగా ఉన్న పెర్రీ మాస్ స్థానంలో జే గ్రూడెన్ వచ్చాడు. పాతాయనకి అప్పటికి 71 ఏళ్ళు, కొత్తతనికి ముప్పై దాటీ దాటలేదు. పాతాయన ఆ టీముతో మూడుసార్లు ఫైనల్‌కెళ్ళి మూడుసార్లూ ఓడాడు. కొత్తతను మొదటి ఏడాదే కప్పు కొట్టాడు.

ఇంతవరకే చెబితే "చూశావా, కుర్రాడికి ఛాన్సిస్తే ఎలా ఉంటుందో" అనిపిస్తుంది. నేనూ మొదట విన్నది ఇంతవరకే. టాంపాలో ఒక క్లయింటు దగ్గర పనిచేసిన రోజుల్లో పక్క సీటాయన ఈ ఆటకి వీరాభిమాని. సోమవారం పొద్దున బిల్డ్ విరిగి మేం తలలు పట్టుకునుంటే ఆయన శనివారం మ్యాచ్ గురించి చెప్పుకుపోయేవాడు. తర్వాత తీరిగ్గా పాత స్కోర్లూ, ఏ ఏడాది ఎవరు ఎక్కడ కోచ్‌గా ఉన్నారన్న వివరాలూ ముందేసుకు కూర్చుంటే అసలు కథ వేరేగా కనపడింది.

ముందు ఈ ఆట ఏంటో చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌ని ఇంట్లోకి తెచ్చి కుదించినది ఇది. 1981లో జిమ్ ఫోస్టర్ అనే ఆయన న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ ఆల్‌స్టార్ మ్యాచ్ చూస్తూ, చేతిలో ఉన్న కవరు వెనక ఈ ఆట బొమ్మ గీసుకున్నాడట. ఆయన అప్పట్లో ఎన్‌ఎఫ్‌ఎల్ మార్కెటింగు విభాగంలో ఉద్యోగి. 1986లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫోర్డ్‌లో ప్రయోగాత్మకంగా ఒక మ్యాచ్ ఆడించి చూశారు. 1987లో నాలుగు టీములతో లీగు మొదలైంది. అందులో ఒక్కో టీముకి ఆరేసి మ్యాచ్‌లు.

ఐస్ హాకీ రింకు మీద పచ్చ తివాచీ పరిస్తే అదే మైదానం. పెద్దాటలో వంద గజాల పొడవుంటే ఇక్కడ యాభై. అక్కడ పదకొండు మంది, ఇక్కడ ఎనిమిది. పంట్ కొట్టడం నిషేధం. గోల్‌పోస్టులకి రెండు పక్కలా పెద్ద పెద్ద వలలుంటాయి. బంతి వలకి తగిలి వెనక్కొస్తే ఆట ఆగదు, ఎవరు పట్టుకుంటే వాళ్ళది. గోడలకి స్పాంజి దిళ్ళు కట్టి ఉంటాయి, ఆటగాళ్ళు వాటిని గుద్దుకుని ప్రేక్షకుల ఒళ్ళో పడిన సందర్భాలు కోకొల్లలు. స్కోర్లు కూడా 48-35, 62-31 అలా ఉంటాయి. ఒకరకంగా టెస్ట్ క్రికెట్టుకీ ట్వంటీ20కీ ఉన్న తేడా అనుకోండి.

(అన్నట్టు, ఈ ఆటకి పేటెంటు ఉండేది! నిజంగానే. ఆ వలల ఏర్పాటుతో సహా ఫోస్టర్‌కి 1990లో అమెరికా పేటెంటు వచ్చింది, 2007 దాకా అమల్లో ఉంది. అందుకే ఆ రోజుల్లో పుట్టిన మిగతా ఇండోర్ లీగులన్నీ వలలు లేకుండా ఆడాయి. సాఫ్ట్‌వేర్ పేటెంట్ల గురించి గొంతు చించుకునేవాళ్ళు దీన్ని కూడా లెక్కలో వేసుకోవచ్చు.)

మన కథకి కావలసిన రూలు ఇంకొకటుంది. దాన్ని ఐరన్‌మ్యాన్ రూలు అనేవాళ్ళు. క్వార్టర్‌బ్యాక్, కిక్కర్ లాంటి కొద్దిమంది తప్ప మిగతా అందరూ దాడీ చెయ్యాలి, రక్షణా చెయ్యాలి. ఇప్పుడు బంతి పట్టుకున్నవాడే రెండు నిమిషాల తర్వాత అవతలివాడిని అడ్డుకోవాలి. 2007లో ఆ రూలు తీసేసేదాకా టీము ఎంపికంతా దీని చుట్టూనే తిరిగేది. పెద్ద లీగులో ఒక్క పనిలో ఆరితేరినవాడు కావాలి. ఇక్కడ రెండు పనులూ పర్లేదనిపించేలా చేసేవాడు కావాలి. ఫ్రంటెండూ బ్యాకెండూ రెండూ రాయగలిగినవాడికి చిన్న కంపెనీలో ఉండే విలువ ఇక్కడ ఉండేది.

అలాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారు? కాలేజీలో బాగా ఆడి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చోటు దొరక్క, ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ ఉన్నవాళ్ళలో దొరుకుతారు. కర్ట్ వార్నర్ కథ చాలామంది వినే ఉంటారు. 1994లో అయోవాలో హై-వీ అనే కిరాణా సూపర్‌మార్కెట్లో గంటకి 5.50 డాలర్లకి రాత్రిపూట షెల్ఫుల్లో సరుకులు సర్దాడు. 1995 నుంచి 1997 దాకా అయోవా బార్న్‌స్టార్మర్స్‌కి అరీనా ఫుట్‌బాల్ ఆడాడు. 2000 జనవరిలో సూపర్‌బౌల్ గెలిచాడు. వార్నర్ పైకెళ్ళాడు కాబట్టి మనకి తెలిసింది. పైకెళ్ళని వార్నర్లు వందల్లో ఉన్నారు. వాళ్ళని వెతికి పట్టుకోవడం ఎవరి పని? ఎన్‌ఎఫ్‌ఎల్ టీముకైతే దేశమంతా తిరిగే స్కౌట్లుంటారు, వాళ్ళకో పెద్ద ఆఫీసుంటుంది. ఇక్కడ కోచే ఫోను తీసుకుని పాత స్నేహితులకి కాల్ చేసి "మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా" అని అడగాలి. ఆయన ఫోనుబుక్కే టీముకి హెచ్ఆర్ డిపార్టుమెంటు. చిన్న లీగులో కోచ్ మారడం అంటే సగం కంపెనీ మారినట్టే అని నేననేది అందుకే.

ఇప్పుడు మనుషుల్లోకి వద్దాం. ఇద్దరు కాదు, ముగ్గురున్నారు ఇందులో.

మొదటివాడు టిమ్ మార్కమ్. 1987లో మొట్టమొదటి అరీనా బౌల్ (ఈ లీగు ఫైనల్‌ని అలా అంటారు) డెన్వర్ డైనమైట్‌తో గెలిచాడు. మరుసటేడు డెట్రాయిట్ డ్రైవ్ అనే కొత్త టీముకి వెళ్ళాడు. దాని ఓనరు లిటిల్ సీజర్స్ పిజ్జా పెట్టిన మైక్ ఇలిచ్. అక్కడ 1988, 1989 రెండేళ్ళూ కప్పు. అంటే లీగు పుట్టిన మొదటి మూడేళ్ళూ కప్పు ఒకే మనిషి చేతిలో. ఈ ఆట ఎలా ఆడాలో ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో అతనికి తెలిసిపోయింది. మొత్తం మీద అతను 7 అరీనా బౌల్స్ గెలిచాడు, 11 ఫైనల్స్‌కి వెళ్ళాడు.

రెండోవారు పెర్రీ మాస్. ఈయన జీవితం చదువుతుంటే అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్ర పాఠ్యపుస్తకం తిరగేస్తున్నట్టు ఉంటుంది. 1926లో పుట్టారు. ఇల్లినాయ్ యూనివర్సిటీకి క్వార్టర్‌బ్యాక్‌గా 1947 రోజ్ బౌల్ గెలిచారు. 1948లో గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఆడారు. 1959లో ఫ్లారిడా స్టేట్ యూనివర్సిటీకి హెడ్ కోచ్, ఒక్క ఏడాదే. అక్కడినుంచి కెనడా, మాంట్రియల్ అలుయెట్స్ టీము. 1965లో వెస్ట్ వర్జీనియాలో చార్ల్‌స్టన్ రాకెట్స్ అనే చిన్న లీగు టీముతో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా సీజన్ ముగించారు. తర్వాత అదే లీగులో ఆర్లాండో పాంథర్స్. 1967లో వాళ్ళు ఛాంపియన్లు. 1968లో మార్షల్ యూనివర్సిటీకి వెళితే ఆ ఏడాది ఒక్క గెలుపు కూడా లేదు. ఆపైన నియామకాల్లో రూల్స్ అతిక్రమించారన్న గొడవలో ఆ ఉద్యోగమూ పోయింది. మచ్చలేని మనిషి అని నేననడం లేదు. కానీ అరవై దాటాక చికాగో బ్రూజర్స్ కోచ్‌గా అరీనా ఫుట్‌బాల్‌లోకి వచ్చేనాటికి ఆయన దగ్గర నలభై ఏళ్ళ ఫోనుబుక్కు ఉంది.

1990లో తమాషా జరిగింది. మార్కమ్ ఒక్క ఏడాది డెట్రాయిట్ వదిలి వెళ్ళాడు. ఆ కుర్చీలోకి మాస్ వచ్చారు. ఆ ఏడాది ఫైనల్లో డెట్రాయిట్ డ్రైవ్ డల్లాస్ టెక్సాన్స్‌ని 51-27 తేడాతో చితకబాదింది. మాస్‌కి అరీనా బౌల్ వచ్చింది. మరుసటేడు మార్కమ్ వెనక్కొచ్చాడు, మాస్ వెళ్ళిపోయారు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. మాస్ గెలిచింది మార్కమ్ రెండేళ్ళపాటు కట్టిన టీముతో. ఆయన గొప్పగా నడిపి ఉండొచ్చు, నడిపే ఉంటారు. వచ్చీ రాగానే బాగున్న కోడ్ అంతా తిరగరాసి పాడుచెయ్యకపోవడం కూడా ఒక విద్యే, ఆ విద్య లేని కొత్త మేనేజర్లని మనం చూళ్ళేదా? ఐనా సరే, 1990 కప్పుకి పునాది వేసింది వేరే మనిషి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమొస్తుంది.

డెట్రాయిట్ నుంచి మాస్ 1991లో కొత్తగా పుట్టిన ఆర్లాండో ప్రిడేటర్స్‌కి వచ్చారు. పాతికేళ్ళ కిందట పాంథర్స్‌కి కోచింగ్ చేసిన ఊరే అది. ఈసారి వేరేవాళ్ళు కట్టిన ఇల్లు కాదు, ఖాళీ స్థలం. రెండో ఏడాదికే, అంటే 1992లో, పది మ్యాచ్‌ల్లో తొమ్మిది గెలిచి ఫైనల్‌కొచ్చారు. ఫైనల్ సొంత ఊళ్ళో. ఎదురుగా ఎవరు? డెట్రాయిట్ డ్రైవ్, కోచ్ మార్కమ్. 56-38తో ఆర్లాండో ఓడింది.

1994లో పన్నెండింట్లో పదకొండు గెలిచారు. ఫైనల్ మళ్ళీ సొంత ఊళ్ళోనే. అరిజోనా రాట్లర్స్ చేతిలో 36-31తో ఓటమి. ఐదు పాయింట్లు, అంటే ఈ ఆటలో ఒక్క టచ్‌డౌన్ కూడా కాదు.

1995లో మళ్ళీ ఫైనల్. ఈసారి పొరుగూరు టాంపా బే స్టార్మ్ మీద. టాంపాకీ ఆర్లాండోకీ మధ్య దూరం మన హైదరాబాదుకీ వరంగల్లుకీ మధ్య ఉన్నంత. మధ్యలో ఐ-4 హైవే. అందుకే ఈ రెండు టీముల పోరుని 'వార్ ఆన్ ఐ-4' అనేవాళ్ళు. ఆ ఏడాదే స్టార్మ్‌కి కోచ్‌గా వచ్చినవాడు మరెవరో కాదు, మార్కమ్! 48-35, ఆర్లాండో మళ్ళీ ఓటమి. నాలుగేళ్ళలో మూడు ఫైనల్స్, మూడు ఓటములు, అందులో రెండు ఒకే మనిషి చేతిలో. మాస్ ఆ రాత్రి ఏమనుకుని ఉంటారో ఊహించడానికి కూడా మనసొప్పదు.

ఇక మూడోవాడు. 1995 ఫైనల్లో టాంపాకి క్వార్టర్‌బ్యాక్ జే గ్రూడెన్. కాలేజీలో లూయివిల్‌కి ఆడాడు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎవరూ తీసుకోలేదు. 1991 నుంచి 1996 దాకా స్టార్మ్‌కి ఆడి నాలుగు కప్పులు గెలిచాడు. మొదటి రెండూ, అంటే 1991, 1993 కప్పులు, గెలిచింది ఎవరి మీదో తెలుసా? మార్కమ్ డెట్రాయిట్ టీము మీద. తనని రెండు ఫైనల్స్‌లో ఓడించిన కుర్రాడి దగ్గరికే 1995లో కోచ్‌గా వచ్చిపడ్డాడు మార్కమ్. ఇద్దరూ కలిసి 1995, 1996 కప్పులు ఎత్తారు. 1996 ఫైనల్లో 42-38తో ఓడిపోయింది కర్ట్ వార్నర్ టీము. అంటే తర్వాత సూపర్‌బౌల్ గెలిచిన మనిషి ఒకప్పుడు గ్రూడెన్ ముందు ఓడినవాడే. చిన్న లీగంటే అంతే, అందరూ అందరికీ ఎక్కడో ఒకచోట తగులుతారు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సర్కిల్లాగా :)

1997లో గ్రూడెన్ ఆట మానేసి నాష్‌విల్ కాట్స్ అనే కొత్త టీములో అఫెన్స్ కోఆర్డినేటర్‌గా చేరాడు. ఆ ఏడాది చివర ఆర్లాండోలో మాస్ శకం ముగిసింది. కుర్చీ గ్రూడెన్‌కి వచ్చింది. ఎక్కడైనా హెడ్ కోచ్‌గా పనిచేసిన అనుభవం లేదు. కోచింగ్ అనుభవమే మొత్తం ఒక్క సీజన్. పైగా 1995లో ఆర్లాండో ఫైనల్ ఓడిపోడానికి ముఖ్య కారకుడు తనే!

సరిగ్గా ఆ చలికాలంలోనే, 1997 డిసెంబరులో, ప్రిడేటర్స్ కంపెనీ ఐపీఓకి వెళ్ళి నాస్‌డాక్‌లో లిస్టయింది. ఇండోర్ ఫుట్‌బాల్ టీము షేరు ట్రేడింగు! డాట్‌కామ్ బుడగ ఉబ్బుతున్న రోజులవి, దేనికైనా కొనేవాళ్ళుండేవారు. కోచ్ మార్పుకీ ఐపీఓకీ లంకె పెట్టడం నా ఉద్దేశం కాదు, కానీ కాలం అలా కలిసొచ్చింది. డెబ్బై దాటిన కోచ్, మూడు ఫైనల్ ఓటములు ఒకపక్క, నాలుగు కప్పులు గెలిచిన ముప్పై ఏళ్ళ పేరున్న కుర్రాడు ఇంకోపక్క. ఇన్వెస్టర్లకి ఏ ఫోటో చూపిస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

1998 ఆగస్టు. ఫైనల్ టాంపాలో. ఒకపక్క మార్కమ్, స్టార్మ్. ఇంకోపక్క అతని పాత క్వార్టర్‌బ్యాక్, ప్రిడేటర్స్. స్కోరు 62-31. ఆర్లాండో గెలిచింది. గెలిచింది అంటే సరిపోదు, సొంతగడ్డ మీద శత్రువుకి సగం స్కోరు కూడా మించనివ్వలేదు. ప్రిడేటర్స్ చరిత్రలో మొదటి కప్పు.

ఆ గెలిచిన టీములో ఎవరున్నారో చూద్దాం. అందరికన్నా పెద్ద పేరు బారీ వాగ్నర్. ఐరన్‌మ్యాన్ రూలుకి ప్రాణం పోస్తే ఆ మనిషిలా ఉంటుంది. అలబామా ఏ అండ్ ఎమ్ నుంచి వచ్చాడు, పెద్ద పేరున్న ఫుట్‌బాల్ కాలేజీ ఏమీ కాదు. బంతి పట్టేవాడు, అవతలివాళ్ళ బంతి దొంగిలించేవాడు, వలకి తగిలొచ్చిన కిక్కుల్ని వెనక్కి పరిగెత్తించేవాడు. లీగు ఏటా ఇచ్చే ఐరన్‌మ్యాన్ అవార్డు 1992 నుంచి 1997 దాకా వరసగా ఆరేళ్ళు అతనికే వచ్చింది. ఆ సంవత్సరాలు మళ్ళీ చూడండి. 1992 నుంచి 1997. అన్నీ మాస్ కోచ్‌గా ఉన్న ఏళ్ళే. 1992లో అతన్ని టీములోకి తెచ్చుకుని ఆరేళ్ళు రెండువైపులా ఆడించినది ఆ ముసలాయనే.

అదీ సంగతి. 1990లో మాస్ మార్కమ్ టీముతో గెలిచారు. 1998లో గ్రూడెన్ మాస్ టీముతో గెలిచాడు. ఏడేళ్ళు కష్టపడి స్వయంగా కట్టిన టీముతో మాస్‌కి కప్పు రాలేదు, ఒక్క ఏడాది కూర్చున్న కుర్చీలో వచ్చింది. లెక్క సరిపోయింది కదా అనొచ్చు మీరు. లెక్క సరిపోయింది గానీ ఎవరి ఖాతాలో ఏం పడాలో అది పడలేదు.

మరి గ్రూడెన్ గొప్పతనం ఏమీ లేదా అంటే, ఉంది. అక్కడ నేను మాస్ వకీలుగా మారి అడ్డంగా వాదించను. అదే వాగ్నర్‌తో, అదే ఊళ్ళో 1992లోనూ 1994లోనూ మాస్ ఫైనల్ ఓడారన్నది కూడా నిజమే. గ్రూడెన్ 1999లో మళ్ళీ ఫైనల్ చేరి ఆల్బనీ చేతిలో 59-48తో ఓడాడు. 2000లో నాష్‌విల్‌ని, అంటే తను కోచింగ్ మొదలుపెట్టిన టీముని, 41-38తో ఓడించి రెండో కప్పు కొట్టాడు. అప్పటికి వాగ్నర్ శాన్ హోసే వెళ్ళిపోయాడు. కాబట్టి 2000 కప్పు నిస్సందేహంగా గ్రూడెన్‌దే. నా గొడవల్లా 1998 గురించే. "కోచ్‌ని మార్చారు, కప్పొచ్చింది" అని ఒక్క లైనులో చెప్పేస్తే ఆరేళ్ళ పని మాయమైపోతుంది.

గ్రూడెన్ దగ్గర నాకు బాగా నచ్చిన విషయం కప్పుల గురించి కాదు. 2002లో అతను హెడ్ కోచ్ పదవి వదిలేసి అన్న జాన్ గ్రూడెన్ దగ్గర, ఎన్‌ఎఫ్‌ఎల్ టాంపా బే బకనీర్స్‌లో, అసిస్టెంటుగా చేరాడు. అదే ఏడాది మళ్ళీ ఆర్లాండోకి ఆటగాడిగా వచ్చాడు! 35 ఏళ్ళ వయసులో, తను ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న కొత్త కోచ్ ఫ్రాన్ పపసెడెరో కింద, మామూలు క్వార్టర్‌బ్యాక్‌గా. నిన్నటిదాకా డైరెక్టరుగా ఉన్న మనిషి ఇవాళ తన కుర్చీలోకొచ్చినాయనకి రిపోర్టు చేస్తూ కోడ్ రాయడం మన ఇండస్ట్రీలో ఎవరైనా చూశారా? నేనైతే చూళ్ళేదు. మనవాళ్ళకి బిజినెస్ కార్డు మీద ఒక్క మాట తగ్గితే నిద్ర పట్టదు. 2003 జూన్‌లో పపసెడెరో కారు ప్రమాదంలో చనిపోయాడు. చిన్న వయసు. అలా 2004లో గ్రూడెన్ మళ్ళీ హెడ్ కోచ్ అయ్యాడు, 2008 దాకా ఉన్నాడు. ఆ ఏళ్ళలో ఒక ఫైనల్ ఆడి, 2006లో చికాగో రష్ చేతిలో 69-61తో ఓడాడు. మొదటిసారి కుర్చీ ఎలా వచ్చిందో, రెండోసారి ఎలా వచ్చిందో పక్కపక్కన పెట్టి చూస్తే కోచ్ మార్పు అన్న ఒకే మాట కింద ఎన్ని రకాల సంగతులుంటాయో తెలుస్తుంది.

మార్కమ్ 1998 దెబ్బ తర్వాత కూడా టాంపాలోనే ఉన్నాడు. 2003లో ఏడో కప్పు. 2010లో పదకొండో ఫైనల్, ఓటమి. 2011లో ఒక కోర్టు కేసులో బయటపడ్డ అసభ్యకరమైన, జాత్యహంకార ఈ-మెయిళ్ళ మీద దుమారం రేగి రాజీనామా చేశాడు. అంతటి రికార్డున్న మనిషి అలా వెళ్ళాల్సి వచ్చిందంటే తప్పు అతనిదే, అందులో నాకు జాలి లేదు. 2013 డిసెంబరులో చనిపోయాడు.

లీగు సంగతి అంతకన్నా ఘోరం. 2009 సీజన్ రద్దయింది, తర్వాత దివాలా. 2010లో కొత్త యాజమాన్యంతో మళ్ళీ లేచింది. 2016 తర్వాత ప్రిడేటర్స్, 2017 తర్వాత స్టార్మ్ మూతబడ్డాయి. 2019లో లీగే మళ్ళీ దివాలా తీసింది. 2019లో ప్రిడేటర్స్ పేరుతో ఇంకో చిన్న లీగులో టీము వచ్చింది గానీ, పేరు ఒకటైనంత మాత్రాన అది ఇదీ ఒకటి కావు. ఐ-4 మీద ఇప్పుడు ఆ యుద్ధమూ లేదు, జెండాలు కట్టుకున్న కార్లూ లేవు. ట్రాఫిక్కు మాత్రం అలాగే ఉంది.

గ్రూడెన్ అక్కడ ఆగలేదు. 2009లో యునైటెడ్ ఫుట్‌బాల్ లీగ్ అనే మరో చిన్న లీగులో ఫ్లారిడా టస్కర్స్‌కి వెళ్ళాడు, 2010లో దానికి హెడ్ కోచ్ అయ్యాడు. 2011లో సిన్సినాటి బెంగాల్స్‌కి అఫెన్స్ కోఆర్డినేటర్. 2014లో ఎన్‌ఎఫ్‌ఎల్ వాషింగ్టన్ టీముకి హెడ్ కోచ్. 2019 అక్టోబరులో, వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడాక, వాళ్ళు తీసేశారు. అక్కడ మాత్రం ఫైనల్‌కి తీసుకెళ్ళగలిగే టీముని ఎవరూ కట్టి పెట్టి ఉంచలేదు.

2014 ఆగస్టులో గ్రూడెన్ వాషింగ్టన్ హెడ్ కోచ్‌గా తన మొదటి ప్రీసీజన్ మ్యాచ్‌లు ఆడిస్తున్నాడు, టీవీల నిండా అతనే. అదే నెలలో పెర్రీ మాస్ చనిపోయారు. ఆయనకి 88 ఏళ్ళు.